మరియు బృందం

మా సంఘంలో ఎవరు పోయినా ఫోను గ్రూపులో ఒకటే మాట పెడతారు: "ప్రభువు నందు నిద్రించారు." మొన్న మంగళవారం పొద్దున ఆ మాట కింద ఇతని ఫొటో చూసి నాకు నవ్వొచ్చింది. ఒక్క బ్యాండులో కుదురుగా కూర్చోలేని మనిషి మొత్తానికి ఒకచోట పడుకున్నాడు అనుకున్నాను. పైకే అనేశాను కాబోలు, మా ఆవిడ "చచ్చిపోయినోని మీద గవేం మాటలు" అని కసిరింది. ఫొటోలో కూడా గిటారు మెడ పట్టుకునే ఉన్నాడు. గడ్డం పైకెత్తి, కళ్లు మూసుకుని, పక్కింట్లో ఏం కూర వండుతున్నారో వాసన చూస్తున్నట్టు. బతికినన్నాళ్లూ వాయించేటప్పుడు అదే ముఖం. ఆ ముఖం చూస్తే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట.

పేరు రాయడం లేదు. బతికుండగా ఒక్కసారి రాయకపోతేనే వ్యవహారం ఇంత దూరం వచ్చింది, ఇప్పుడు రాసి ఎవరిని ఉద్ధరించాలి?

గంట తిరక్కుండానే అతని భార్య ఆటో దిగి మా ఇంట్లోకి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మంచినీళ్లిస్తే తాగలేదు. ఏడవడం అప్పటికే అయిపోయినట్టుంది, గొంతు మాత్రం బొంగురుగా ఉంది.

"అన్నా, ఆయనకు మన సమాధుల తోటల జాగా కావాలె. నువ్వే జెర చెప్పాలె."

"ఆయన ఆఖరుకు వాయించిన అడివి సంఘమోళ్లు ఏమంటున్నరమ్మా?"

"ఆళ్లకు తోట ఏడిదన్నా? షెడ్డేసుకున్న జాగానే మాదని ఫారెస్టోళ్లు లొల్లి పెడుతున్నరు. మనిషి ఇంకా దవాఖానలనే ఉన్నడు. రేపు పొద్దుగాల్నన్న మట్టి చెయ్యాలె."

ఖమ్మంలో మా సంఘానికి ఒక సమాధుల తోట ఉంది. ఉన్నదే చిన్న స్థలం. అందుకని పెద్దలు ఎప్పుడో ఒక నియమం పెట్టారు: సంఘ రిజిస్టరులో పేరున్నవాళ్లకే అందులో చోటు. ఇంకో సంఘానికి వెళ్లిపోయినవాళ్లను, ఎంత దగ్గరివాళ్లైనా సరే, ఆ సంఘమే చూసుకోవాలి. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ సంఘానికి కార్యదర్శిని. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆదివారం ఆరాధనలో కీబోర్డు కూడా నేనే. అయ్యగార్లు, అంటే పాస్టర్లు, నాలుగైదేళ్లకొకరు మారుతుంటారు. కార్యదర్శి మారడు, రిజిస్టరు నా బీరువా దాటి పోదు. కాబట్టి ఈ మనిషికి ఆరడుగుల నేల దొరుకుతుందా లేదా అన్నది ఆ సాయంత్రం నాలుగింటికి పెద్దల ముందు నేను చెప్పే మాట మీద ఉంది.

"చూసి చెప్తనమ్మా" అన్నాను. నిజానికి చూడవలసిన పని లేదు. అందులో ఏముందో నాకు బాగా తెలుసు.

బేస్ గిటారు అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. నాలుగు లావుపాటి తీగలుంటాయి. పాడేవాళ్లు పాడుతుంటే, రాగం వాయించేవాళ్లు వాయిస్తుంటే, ఇది అడుగున దుమ్ము దుమ్మంటూ ఉంటుంది. ఆ వాద్యం ఎంచుకోవడంలోనే మనిషి గుణం తెలుస్తుందని నా నమ్మకం. పాట బరువు మొయ్యనక్కర్లేదు. తప్పు వాయించినా సగం మందికి తెలియదు. భుజానికి తగిలించుకుని నిలబడితే మాత్రం స్టేజీ మీద అందరికంటే గొప్పగా కనిపిస్తారు. ఇతను మా బ్యాండులో చేరిన మొదటి ఆదివారమే ముందు బెంచీలో కూర్చునే ఒక ముసలమ్మ నా దగ్గరికి వచ్చి, "సారూ, పాట ఎత్తుకుంటే నాకు కడుపుల గుడగుడ అంటున్నది, ఆ పిలగాని మిషిను జెర తగ్గియ్యమను" అంది. ఆ మాట చెబితే ఇతను ఎంతో వినయంగా తల వంచి వందనం చేశాడు. పై ఆదివారం ఇంకొంచెం పెంచాడు.

గిటారు సంచి కూడా చెప్పుకోవాల్సిందే. ఎన్నికలయ్యాక వీధిలో పడేసిన ఫ్లెక్సీ ముక్క తెచ్చి కుట్టించాడు. వెనక్కి తిరిగి నడుస్తుంటే ఒక నాయకుడి ఎడమ కన్నూ సగం మీసమూ మన వైపు చూస్తూ పోయేవి. ఆరాధనకు ఆ సంచితో రావద్దని చెప్పాను. "కన్ను మూస్త అన్నా" అని దాని మీద నల్లటి టేపు అతికించాడు. మీసం అలాగే ఉండిపోయింది.

ఇక తీగలు. బేస్ తీగలు కొత్తవి కొనడం ఇతని వల్ల అయ్యేది కాదు. చేతి చెమట పట్టి మూగబోతే వాటిని ఊడదీసి నీళ్లలో ఉడకబెట్టేవాడు. అదీ బువ్వ వండే గిన్నెలో. "ఒక పొయ్యి మీద కూర, ఇంకో పొయ్యి మీద గిటారు, బువ్వ ఏడ వండాలె అన్నా?" అని అతని భార్య మా ఇంటికొచ్చి మొరపెట్టుకుంది. పిలిచి అడిగితే, "జిడ్డు పోతదన్నా, తీగ మళ్ల కొత్తగ మోగుతది" అని నాకే పాఠం చెప్పాడు. మా ఊళ్లో తబలాలకు తోలు కట్టే భాయ్ ఒకాయన ఉన్నాడు, వాళ్ల తాతల నాటి దుకాణం. ఆయన నన్ను చూసినప్పుడల్లా నవ్వేవాడు. "మీ బేస్ సాబ్ వచ్చి పోయిండు సార్. తీగలు ఎంతసేపు ఉడకాలె అని అడుగుతుండు. నేనేమన్న బిర్యానీ మాస్టర్నా?"

ఇలాంటి మనిషిని మూడేళ్లు భరించాను. అలా భరించినందుకు నాకు దక్కిన ప్రతిఫలం చెబుతాను.

ఏటా మా సంఘం మూడు రోజులు సువార్త సభలు పెడుతుంది. ఫ్లెక్సీ మీద ఏం రాయాలో నేనే రాసిచ్చేవాణ్ణి. ఆ ఏడు ప్రసంగీకుడి ఫొటో పెద్దదైంది, కింద చోటు తగ్గింది. "సంగీతం" అని పెట్టి, కీబోర్డుకు నా పేరు, తబలా వాయించే ఆయన పేరు, మామూలు గిటారు వాయించే అతని పేరు, పాడే ఇద్దరు అక్కాచెల్లెళ్ల పేర్లు రాసి, చివర "మరియు బృందం" అని పెట్టాను. ఏ ఫ్లెక్సీ చూసినా అలాగే ఉంటుంది. చేతికి అలవాటైపోయిన మాట. అన్ని పేర్లూ రాశాక మిగిలింది ఇతనొక్కడే అన్న సంగతి నాకు తట్టలేదు.

మూడు రోజులూ ఆ ఫ్లెక్సీ కిందే నిలబడి వాయించాడు. నాలుగో రోజు మా ఇంటికి వచ్చాడు.

"అన్నా, బృందం అంటే ఎంతమంది?"

"ఏందిరా?"

"ఏం లేదు, లెక్కేసిన. బృందం అంటే నేనొక్కన్నే."

నవ్వాను. ఎవరైనా నవ్వుతారు. వచ్చే ఏడు రాస్తానన్నాను. అతను నవ్వలేదు. "నా తలాంతు మట్టిల పెట్టుడు నాతోని కాదన్నా" అని లేచి పోయాడు. మా గ్రంథంలో ఒక కథ ఉంది. యజమాని ఇచ్చిన తలాంతును ఒక సేవకుడు భయపడి మట్టిలో పాతిపెట్టి, తర్వాత తిట్లు తింటాడు. తలాంతు అంటే అప్పటి సొమ్ము. మావాళ్లు ఆ మాటను దేవుడిచ్చిన విద్యకు వాడుకుంటారు. దుమ్ము దుమ్మనడం కూడా తలాంతే అని నాకు ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత ఏ బ్యాండు వదిలినా ఇదే మాట అనేవాడని విన్నాను. మొన్న ఆవిడ వచ్చి సమాధికి చోటు అడుగుతుంటే నాకు ముందు గుర్తొచ్చింది కూడా ఇదే. ఈసారి తప్పదు నాయనా అనుకున్నాను.

నెల తిరగకుండానే తల్లాడలో ఇంకో సంఘం బ్యాండులో తేలాడు. మావాళ్లలో కొత్తగా చేరినవాడు సాక్ష్యం చెప్పడం ఆచారం: ప్రభువు నన్ను ఎక్కడ నుంచి ఎక్కడికి తెచ్చాడు అని. ఇతని సాక్ష్యం వీడియో ఎవరో పుణ్యాత్ముడు నాకు పంపాడు. "ఐగుప్తుల ఇటుకలు చేసిన. ఎన్ని ఇటుకలు చేసినా గోడ మీద ఫరో పేరే ఉండె" అన్నాడు. ఐగుప్తు అంటే ఈజిప్టు, ఇశ్రాయేలీయులను అక్కడ బానిసలుగా ఉంచుకున్న రాజు ఫరో. మా సంఘం ఐగుప్తు అయింది. ఫరో ఎవరో అడగనక్కర్లేదు. వీడియో మా ఆవిడకు చూపిస్తే, "గడ్డం మాత్రం నీలెక్కనే పైకెత్తిండు" అని పక్కకు తిరిగి నవ్వుకుంది.

ఆరేడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం మా వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. నేను పదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను.

"అన్నా, లెటర్ రాసియ్యి. తల్లాడల అడుగుతున్నరు."

ఈ లెటర్ సంగతి కొంచెం చెప్పాలి. సంఘాల మధ్య ఒకరి మనుషులను ఒకరు లాక్కుంటున్నారని గొడవలు ముదిరాయి. మావాళ్లు దాన్ని గొర్రెల దొంగతనం అంటారు. చివరికి చుట్టుపక్కల అయ్యగార్లంతా కూర్చుని ఒక కట్టడి చేసుకున్నారు: పాత సంఘం లెటర్ ఇస్తేనే కొత్త సంఘంలో సభ్యత్వం, సభ్యత్వం ఉంటేనే స్టేజీ ఎక్కడం. లెటర్ రాసేది కార్యదర్శి, సంతకం పెట్టేది అయ్యగారు. లెటర్ ఇచ్చిన రోజున ఇక్కడ రిజిస్టరులో పేరు కొట్టేస్తాం.

"ఉద్యోగం మీద ఊరు మారినోళ్లకు ఇస్తం, పెండ్లి చేసుకుని పోయినోళ్లకు ఇస్తం. అలిగిపోయినోళ్లకు లెటర్ ఏంది?" అన్నాను.

"అలగలేదన్నా."

"మరి ఐగుప్తు అంటే?"

తల వంచుకున్నాడు. నేను ఇవ్వనన్నాను. ఇంకా కొంచెం అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు, పేపర్లు దిద్దే చిరాకులో ఉన్నాను. "సరే అన్నా" అని వెళ్లాడు. తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చాడు. ఒకసారి ఇంట్లో లేనని చెప్పించాను, ఇంకోసారి అయ్యగారు ఊళ్లో లేరని నేనే చెప్పాను. ఆ కట్టడి గురించి నేనేమీ బెంగ పెట్టుకోలేదు. మాట్లాడుకోవడానికి చేసుకున్న కట్టడి, ఎవడు పాటిస్తాడు అనుకున్నాను. నాకు కావలసింది ఇతను నా ముందు నిలబడి అడగడం. అడిగాడు. ఆ తృప్తి చాలా రోజులు ఉంది.

తల్లాడ కూడా వదిలేశాడని తెలిసినప్పుడు నేను మా బ్యాండు వాళ్లందరికీ టీ పోయించాను. నేను చెప్పలేదా అన్నాను. కుక్క తోక సంగతి అందరికీ తెలిసిందే. తర్వాత కల్లూరులో క్యాథలిక్కుల గుడిలో చేరాడు. పాట మొదలుపెట్టే ముందు సిలువ గుర్తు, అయిపోయాక సిలువ గుర్తు, మధ్యలో తీగ బిగించుకునేటప్పుడు కూడా సిలువ గుర్తు వేసుకునేవాడట. పుట్టు క్యాథలిక్కులే బిత్తరపోయి చూసేవారట. ఏడాది తిరక్కుండా అక్కడా తలాంతు మట్టి పాలవుతోందని బయటికొచ్చాడు.

ఆ పైన ఆర్కెస్ట్రా. సత్తుపల్లి వైపు పెళ్లిళ్లకు సినిమా పాటలు వాయించే బృందం. నాతో పనిచేసిన టీచరు కూతురి పెళ్లికి వెళ్తే ఫంక్షన్ హాల్లో స్టేజీ మీద కనిపించాడు. మెరిసే కోటు, చేతులు మణికట్టు దాకా రావడం లేదు. బాగా వాయిస్తున్నట్టు ఊగిపోతున్నాడు. చూపు కొంచెం కిందికి దించితే అసలు సంగతి బయటపడింది. గిటారు నుంచి దిగిన వైరు తివాచీ మీద పాములా పడి ఉంది, దాని రెండో కొన దేనికీ తగిలించి లేదు. బేస్ అంతా ల్యాప్‌టాప్‌లో నుంచి వస్తోంది.

భోజనాల దగ్గర పట్టుకున్నాను. ఇలాంటి అవకాశం మళ్లీ దొరుకుతుందా?

"ఏంది, వైరు పెట్టుడు మర్చిపోయినవా?"

"ట్రాకుల ఉన్నదన్నా బేస్. మనం ఊగితే సాలంట."

"మరి వేళ్లెందుకు తిప్పుతున్నవ్?"

"తప్పు వాయిస్తే నాకు తెలుస్తది గదన్నా."

ఆ జవాబుకు కూడా నాకు ఒళ్లు మండింది. ఎవరూ వినని చోట తప్పు పోకుండా వాయించడమంటే ఎంత పొగరు ఉండాలి! ఇంటికొచ్చాక మా ఆవిడకు చెప్పి నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆమెకు సంగీతం తెలియదు.

చివరి బ్యాండు చండ్రుగొండ దాటాక, భద్రాచలం రోడ్డు వదిలి మట్టిదారిలో లోపలికి పోతే వచ్చే కోయ గూడెంలో. రేకుల షెడ్డు, వెదురు తడికలు, కింద అలికిన నేల. అదే వాళ్ల సంఘం. వాళ్ల వార్షికోత్సవానికి చుట్టుపక్కల సంఘాలను పిలిస్తే మా తరపున నేను వెళ్లాను. ఇతను అక్కడున్నాడని తెలిసే వెళ్లాను, దాచను. నాలుగు డోళ్లు, మధ్యలో ఇతని గిటారు. డోలే ఒక బేస్. దాని పక్కన ఇంకో బేస్ ఎందుకో నాకు బోధపడలేదు. ఇంకా చేరినవాడు చేరినట్టే సాక్ష్యాలు చెప్పుకుంటున్నాడు. నన్ను ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టి, నా ముఖంలోకి చూడకుండా అన్నాడు: "ఫరో పోనియ్యలేదు. ఏ ఊరికి పోయినా ఫరో చెయ్యి నా ఎంటనే వచ్చింది. అయినా ప్రభువు నాకు తోవ తీసిండు." అందరూ స్తోత్రం అన్నారు. నాతో కూడా అనిపించారు.

పాట నడుస్తుండగా కరెంటు పోయింది. యాంప్ ఆగింది, గిటారు మూగబోయింది. ఇంకెవరైనా ఆపి చేతులు కట్టుకునేవారు. ఇతను ఆపలేదు. అదే గడ్డం, అవే మూసిన కళ్లు, వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. వైరు లేకుండా వాయించడం ఆర్కెస్ట్రాలో బాగా అలవాటైందనుకున్నాను. కాసేపటికి చూస్తే, డోళ్లు వాయించే నలుగురూ ఇతని కుడి మడమ వంక చూస్తున్నారు. అది నేల మీద లేచి పడుతుంటే దాన్ని పట్టుకుని వాయిస్తున్నారు. పాట ఒక్క అడుగు ముందుకు తూలలేదు, వెనక్కి జారలేదు. వాళ్ల భాషలో పాట, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా అంత నిలకడగా పాట నడవడం మా సంఘంలో నేనెన్నడూ వినలేదు. అది నాకు నచ్చలేదు. భోజనానికి ఉండమంటే బస్సుందని చెప్పి వచ్చేశాను.

ఇంతవరకూ ఇదీ నాకు తెలిసిన మనిషి. పేరు కోసం అలిగి, ఊరూరా తిరిగి, పోయిన ప్రతిచోటా దేవుడే పిలిచాడని చెప్పుకున్నవాడు.

మంగళవారం నాలుగింటికి పెద్దలు కూర్చున్నారు. కొత్తగా వచ్చిన చిన్న వయసు అయ్యగారు, పోస్టుమాస్టరుగా రిటైరైన సంఘ పెద్ద, ఇంకో ఇద్దరు. ఆవిడ తలుపు దగ్గర నిలబడింది. నేను రిజిస్టరు బల్ల మీద పెట్టాను.

"పేరున్నదా?" అన్నాడు పోస్టుమాస్టరు.

"ఉన్నది."

"గన్ని సంఘాలు తిరిగిండు గదా. లెటర్ తీస్కపోలేదా?"

"లేదు."

ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "ఏమ్మా, మీ ఆయన ఏడ నిలవకుండ ఎందుకట్ల తిరిగిండు?"

"నిలవనియ్యలేదయ్యా. తల్లాడల ఆరు నెలలు చూసి లెటర్ తెమ్మన్నరు. తేలేదని స్టేజీ దిగమన్నరు. కల్లూరుల ఫాదర్ గారు మంచోడే, ఆయన కూడ మీ పాత సంఘం నుంచి కాయితం తేవాలె అన్నడు. కాయితం అడగనోళ్లు ఎవరా అని ఎతుక్కుంట ఆర్కెస్ట్రాకు పోయిండు. ఆడ మిషినొచ్చింది. ఆఖరుకు అడివిల ఆళ్లు ఏం అడగలే. నువ్వు వాయిస్తవా, వాయించు అన్నరు."

"మరి అందరితోని దేవుడు పిలిచిండు, దేవుడు పిలిచిండు అనేటోడు?"

"స్టేజీ దిగమన్నరని ఎవరన్న చెప్పుకుంటరా అయ్యా?"

నాకు సిగ్గేసిందని రాస్తే మీరు నన్ను మంచివాడనుకుంటారు. ముందు వేసింది భయం. ఫరో చెయ్యి వెంట రావడమంటే ఏమిటో అప్పుడర్థమైంది. తల్లాడ వదిలినప్పుడు నేను పోయించిన టీ గుర్తొచ్చింది. అర్థమయ్యాక కూడా అతని మీద కోపం పోలేదు, ఇంకా పెరిగింది. ఇంత జరుగుతుంటే నా ఇంటి ముందు కూర్చుని అరవొచ్చు కదా, పెద్దల దగ్గరికి వచ్చి నా మీద చెప్పొచ్చు కదా! గడ్డం పైకెత్తుకుని తలాంతు, ఐగుప్తు అని పిట్టకథలు చెబితే నాకేం తెలుస్తుంది?

పోస్టుమాస్టరు వదల్లేదు. "లెటరే కావాలంటే మన దగ్గర తీస్కపోవచ్చు గదమ్మా. ఇంత దూరమన్న లేకపాయె. అడిగిండా?"

ఆవిడ నేల వంక చూస్తూ చెప్పింది.

"అడగలేదయ్యా. ఎన్నడు అడగలే. ఈ సంఘం ఇడిసిపెట్టుడు ఆయనకు ఇష్టం లేకుండె."

అతను పెళ్లానికి కూడా నిజం చెప్పలేదన్నమాట. నా ముందు మూడుసార్లు చెయ్యి చాపానని చెప్పుకోవడానికి నామోషీ. చివరికి ఆ నామోషీ నన్ను కాపాడింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు నా మీద నాకు కలిగిన అసహ్యం, ఇన్నేళ్లూ అతని మీద పడ్డదంతా కలిపినా సరిపోదు.

"అయితే మనోడే" అన్నాడు పోస్టుమాస్టరు. అంతటితో ఆగినా బాగుండేది. "చూసిన్రా అయ్యగారూ, తప్పిపోయిన గొర్రె కోసం కాపరి ఎట్ల చూస్తడో. ఎన్ని సంఘాలు తిరిగినా మన కార్యదర్శి వాని పేరు కొట్టెయ్యలే. ఏనాటికన్న వస్తడని ఉంచిండు." అయ్యగారు లేచి నా చెయ్యి పట్టుకున్నాడు. ఎవరో స్తోత్రం అన్నారు. నేను తల దించుకున్నాను. అది కూడా వినయమనుకున్నారు.

మరుసటి రోజు పొద్దున భూస్థాపన. అడవి సంఘం వాళ్లు ట్రాలీ ఆటోలో వచ్చి గేటు బయట నిలబడితే, అయ్యగారు పోయి లోపలికి తీసుకొచ్చాడు. మా బ్యాండు పాట ఎత్తుకుంది. మా పాటల నడకంతా నా కీబోర్డే చూసుకుంటుందని ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. ఆ రోజు కీబోర్డు లేదు, వట్టి గొంతులే. రెండో చరణానికి పాట పరుగందుకుంది. ఒకరు ముందు, ఒకరు వెనక. మూడో చరణం పాడకుండానే అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టాడు. పెట్టె దించారు. తలా గుప్పెడు మట్టి వేశాం.

జనం పోయాక ఆవిడ గేటు పక్కన కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఆవిడ నోటితో ఇంకోసారి వింటే నిశ్చింతగా ఇంటికి పోవచ్చనుకున్నాను.

"అమ్మా, ఆయన లెటర్ ఎన్నడు అడగలేదని నీతోనే చెప్పిండా?"

"నాతోని ఏం చెప్పలే అన్నా." కుళాయి కట్టేసింది. "ఆయన అడిగిన దినం నేను మీ గేటు బయటనే ఉన్న. ఎండకు మీ గోడ నీడకు నిలవడ్డ. అంత వినవడ్డది."

మరి నిన్న అడగలేదన్నావేమిటన్నట్టు చూశాను.

"అడిగిండని నిన్న చెప్తే, పోదామనుకున్నోడు అయితడు. జాగా ఇయ్యరు. గందుకే అడగలేదన్న."

కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"లెటర్ ఇయ్య అన్నవ్. ఇయ్య అని, ఏ బ్యాండుకు పోతవో పో, సచ్చేది మాత్రం నా రిజిస్టర్లనే అన్నవ్. ఆ మాట మతికుండే, దవాఖాన కాడి నుంచి సక్కగ నీ ఇంటికే వచ్చిన."